దూరవైద్యంతో డాక్టరు కొరత తీరదు

కృష్ణా డెల్టాలోని రేపల్లె వంటి ఊరికి ఇక గుండె వైద్యుడూ, నరాల వైద్యుడూ, చర్మ వైద్యుడూ కదిలి రానక్కరలేదనీ, ఫోను తెర మీద వాళ్లు కనిపిస్తే చాలుననీ, తక్కిన పనంతా కృత్రిమ మేధ, నాడిని కొలిచే చేతి గడియారాలు, రక్తపు నమూనాలు మోసే డ్రోన్లు చూసుకుంటాయనీ ఒక అభిప్రాయం కొన్నేళ్లుగా ప్రభుత్వ ప్రకటనల్లోనూ, పత్రికల్లోనూ, వైద్య సదస్సుల్లోనూ వివాదం లేని సత్యంగా చెలామణి అవుతోంది. దీన్ని ప్రశ్నించినవారికి సాంకేతికత గిట్టనివారన్న ముద్ర పడుతోంది.

ఖండించదలచిన వాదాన్ని ముందుగా దాని పూర్తి బలంతో చెప్పడం న్యాయం. స్పెషలిస్టులు విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం వంటి నగరాల్లో పోగుపడి ఉన్నారు. కృష్ణ పాయల మధ్య లంకల్లో సేద్యం చేసే కౌలురైతు గుంటూరులో ఒక స్పెషలిస్టుకు చూపించుకోవాలంటే రానూపోనూ సుమారు 120 కిలోమీటర్లు తిరిగి, తన కూలితో పాటు తోడు వచ్చిన మనిషి కూలి కూడా వదులుకోవాలి. బీపీ, షుగరు వంటి దీర్ఘవ్యాధుల్లో మందు మోతాదు సరిచూసేందుకు రోగిని తాకి చూడవలసిన పని చాలాసార్లు ఉండదు. మానసిక వైద్యంలో మాటే ప్రధాన సాధనం కనుక 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ సేవ 14416 నంబరు మీద ఫోనులోనే ఎంతో మేలు చేయగలదు. కేంద్రం 2019 నవంబరులో ప్రారంభించిన ఈ-సంజీవని అనే దూరవైద్య వేదిక మీద 2022 డిసెంబరు నాటికి దేశమంతటా 8 కోట్ల సంప్రదింపులు జరగగా, వాటిలో సుమారు 2.82 కోట్లు, అంటే మూడో వంతుకు పైగా, ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే నమోదై రాష్ట్రాన్ని దేశంలో మొదటి స్థానంలో నిలబెట్టాయి. ఆ సంప్రదింపులకు గ్రామంలో ఆధారంగా 10,032 విలేజ్ క్లినిక్కుల వ్యవస్థ, వాటిలో బీఎస్సీ నర్సింగ్ చదివి అదనపు శిక్షణ పొందిన మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తలు (వాడుకలో ఎంఎల్‌హెచ్‌పీలు) ఉన్నారు.

ఈ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. తప్పంతా వీటి నుంచి లాగే ముగింపులో ఉంది. ఫోను కొన్ని ప్రయాణాలను తప్పిస్తుందన్న నిజం నుంచి, చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో ఖాళీ పోస్టులను ఖాళీగానే వదిలేయవచ్చన్న నిర్ణయానికి, ఉన్న డబ్బు ముందు యంత్రాలకూ యాప్‌లకూ పోయి మిగిలితే మనుషులకు దక్కాలన్న ప్రాధాన్యక్రమానికి ఈ వాదం ఒక్క గెంతులో చేరుకుంటుంది. ఆ గెంతుకు ఆధారం ఎక్కడా లేదు.

1. పంచడం వేరు, పుట్టించడం వేరు

దూరవైద్యం డాక్టర్ల కొరతను తీరుస్తుందనేవారు కూడికలో మొదటి అంకె దగ్గరే తప్పారు. ఈ-సంజీవనిలో ప్రధానమైన పద్ధతి ఇది: విలేజ్ క్లినిక్కులో ఎంఎల్‌హెచ్‌పీ రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, వేరే ఊళ్లోని కేంద్రంలో కూర్చున్న డాక్టరుకు వీడియో కాల్ చేస్తారు. ఆ కేంద్రంలో కూర్చునేదీ ఎంబీబీఎస్ చదివిన మనిషే. ఊహకోసం ఒక లెక్క వేసి చూస్తే, 10,032 క్లినిక్కులు రోజుకు ఐదేసి కాల్స్ చేస్తే 50,160 అవుతాయి. ఒక్కో రోగికి ఆరు నిమిషాలే ఇచ్చినా 5,016 గంటల వైద్య సమయం కావాలి. ఒక్కో డాక్టరు రోజుకు ఆరు గంటలు విరామం లేకుండా తెర ముందు కూర్చున్నా 836 మంది పూర్తిగా ఆ పనికే అంకితం కావాలి. ఈ 836 మంది ఎక్కడి నుంచి వస్తారు? ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో), ఏ ఏరియా ఆసుపత్రుల్లో కొరత ఉందని తెర తెచ్చారో, అవే ఆసుపత్రులకు డాక్టర్లను అందించే కొలను నుంచే రావాలి. దూరవైద్యం ఉన్న డాక్టరు సమయాన్ని వేరే రీతిలో పంచుతుంది, ఆ పంపకం కొన్నిచోట్ల మెరుగైనదే కావచ్చు. లేని డాక్టరును మాత్రం అది పుట్టించలేదు.

సంప్రదింపుల సంఖ్యను విజయానికి కొలతగా చూపడం కూడా ఈ తప్పులో భాగమే. 2.82 కోట్లన్న అంకె ఎన్నిసార్లు మాట్లాడారో చెబుతుంది. ఆ మాట తర్వాత ఎందరికి రక్తపరీక్ష జరిగిందో, ఎందరికి మందు ఆ క్లినిక్కులోనే దొరికిందో, ఎందరిని చివరకు తెనాలికో గుంటూరుకో పొమ్మన్నారో చెప్పదు. పొమ్మన్న కాల్ కూడా లెక్కలో ఒకటే, జబ్బు నయం చేసిన కాల్ కూడా ఒకటే. అలాంటి అంకెను లక్ష్యంగా పెట్టి కింది ఉద్యోగిని రోజూ అడిగితే కాల్స్ పెరుగుతాయి, వైద్యం పెరగాలన్న నియమం లేదు.

2. అరగొండ సాక్ష్యం ఏ పక్షానిది

దూరవైద్యానికి తెలుగునాట చరిత్ర చెప్పేవారు చిత్తూరు జిల్లా అరగొండతో మొదలుపెడతారు. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామమైన ఆ ఊళ్లో 2000 మార్చిలో, భారత పర్యటనకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ చేతుల మీదుగా దూరవైద్య కేంద్రం ప్రారంభమైంది. ఉపగ్రహ సంబంధానికి ఇస్రో తోడ్పడింది. పల్లెకు డాక్టరు రాకపోయినా తెర చాలునన్న మాటకు దీన్ని తొలి రుజువుగా చూపుతారు. అరగొండలో అప్పటికే యాభై పడకల ఆసుపత్రి, సీటీ స్కాన్, వాటిని నడిపే డాక్టర్లూ సిబ్బందీ ఉన్నారన్న సంగతి మాత్రం ఆ కథల్లో పక్కకు జారిపోతుంది. చెన్నైలోనో హైదరాబాదులోనో ఉన్న స్పెషలిస్టు చూసింది పల్లెలో తీసిన స్కాన్‌నే. ఆయన చెప్పినది అమలు చేసింది పల్లెలోని డాక్టరే. రుజువు కోసం తెచ్చిన ఉదాహరణే వాదానికి ఎదురు నిలుస్తోంది.

ఇంకా వెనక్కి వెళ్లినా ఇదే తేలుతుంది. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాల్లో 1928లో మొదలైన ఎగిరే వైద్యుల సేవ దూరవైద్యానికి మూలపురుషుడు. కాలితో తొక్కి నడిపే రేడియో ద్వారా మారుమూల పశువుల క్షేత్రాల వాళ్లు డాక్టరుతో మాట్లాడేవారు. మాట ఒక్కటే చాలదని ఆ సేవ త్వరగానే గ్రహించింది. 1942 నుంచి ఆ క్షేత్రాల్లో మందులకు అంకెలు వేసిన ఒక పెట్టె ఉంచారు; డాక్టరు రేడియోలో ఫలానా అంకె మందు ఇమ్మంటే అక్కడి మనిషి పెట్టె తెరిచి ఇచ్చేవాడు, అప్పటికీ కుదరకపోతే విమానమెక్కి డాక్టరే దిగేవాడు. పెట్టే, విమానమూ లేకుండా రేడియో ఒక్కటే ఇచ్చి ఉంటే దాన్ని ఇవాళ ఎవరూ తలచుకునేవారు కారు. 2001 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కూర్చున్న సర్జన్ జాక్ మరెస్కో, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఒక రోగి పిత్తాశయాన్ని రోబో సాయంతో తొలగించినప్పుడు కూడా, రోగి బల్ల పక్కన పూర్తి శస్త్రచికిత్స బృందం నిలబడే ఉంది.

3. పాము కాటు, గుండెపోటు

వాదం ఎక్కడ విరుగుతుందో రేపల్లె, నగరం, నిజాంపట్నం మండలాల వరి చేలలో చూస్తే తెలుస్తుంది. డెల్టాలో నాట్ల కాలం వచ్చిందంటే పాము కాట్ల కాలం వచ్చినట్టే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి అనే నాలుగింటి విషానికి విరుగుడు మన దేశంలో ఒకే సీరం. అది సిరలోకి ఎక్కాలి, మొదటి విడతలో సాధారణంగా పది సీసాలు కావాలి, ఎక్కించేటప్పుడు ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు కనుక ఎడ్రినలిన్ సూది చేతికందే దూరంలో ఉండాలి. విషం రక్తాన్ని దెబ్బతీసిందో లేదో తేల్చేందుకు శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా చూస్తారు. కట్లపాము కాటులో చాలాసార్లు నొప్పే ఉండదు. కొన్ని గంటల తర్వాత కనురెప్పలు వాలి, ఊపిరి కండరాలు పడిపోతాయి, అప్పుడు వెంటిలేటరు తప్ప గతి లేదు. ఈ పనుల్లో తెర చేయగలిగేది ఒక్కటే: సీరం ఎక్కించాలా వద్దా అన్న సందేహంలో ఉన్న చేతికి ధైర్యం చెప్పడం. అది చిన్న సాయం కాదు, కానీ సీరం ఉన్న ఫ్రిజ్జు, ఎక్కించే చేయి, ఊపిరి ఆగితే గొట్టం వేయగల డాక్టరు ఉన్నచోటే దానికి అర్థం. 2018 ఆగస్టులో కృష్ణకు ఆవలి గట్టున దివిసీమలో పాము కాట్లు పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర ఆలయంలో సర్పశాంతి యాగం జరిపించారు. దాన్ని చూసి నవ్విన విద్యావంతులు, సీరం లేని క్లినిక్కులో వీడియో కాల్‌ను ప్రగతిగా మెచ్చుకోవడం విడ్డూరం, ఎందుకంటే రెండింటిలోనూ రోగి రక్తంలోకి వెళ్లేది ఏమీ లేదు.

గుండెపోటు దగ్గర దూరవైద్యం నిజంగా గెలిచింది, ఆ గెలుపు కారణాన్ని మాత్రం దాని ప్రచారకులే సరిగా చదవలేదు. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే రకం పోటులో గడ్డను కరిగించే సూది మందు ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. తమిళనాడులో కోయంబత్తూరు హృద్రోగ వైద్యుడు థామస్ అలెగ్జాండర్ బృందం చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో జతచేసి, ఈసీజీని దూరం నుంచి చదివించి, సూది అక్కడికక్కడే వేసి, తర్వాత రోగిని పెద్ద కేంద్రానికి తరలించే పద్ధతిని పరీక్షించింది. ఏడాది లోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గినట్టు 2017లో ప్రచురించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో మొదలైన ఇదే తరహా కార్యక్రమంలో గుంటూరు పెద్దాసుపత్రి ఒక కేంద్రం. 40 వేల రూపాయలు పైబడే ఆ సూదిని కింది ఆసుపత్రిలోనే ఉచితంగా వేస్తారు. ఇందులో దూరం నుంచి జరిగిన పని ఈసీజీ చదవడం ఒక్కటే. ఈసీజీ తీసే మనిషి, రక్తస్రావ ప్రమాదం ఉందో లేదో చూసి సూది వేసే డాక్టరు, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే యంత్రం, గుంటూరు దాకా తీసుకెళ్లే 108 అంబులెన్సు, ఇవన్నీ రోగి పక్కనే ఉన్నాయి. కింది ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరు పోస్టు ఖాళీ అయితే తీగ చివర హృద్రోగ నిపుణుడు ఉన్నా సూది ఫ్రిజ్జులోనే ఉండిపోతుంది.

దేశంలో దూరవైద్యానికి 2020 మార్చి 25న వెలువడిన మార్గదర్శకాలే అత్యవసర స్థితిలో రోగిని వీలైనంత త్వరగా ముఖాముఖి వైద్యానికి పంపమని చెబుతున్నాయి. పంపడం అనేది చెప్పినంత తేలిక కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కాగితం మీద జిల్లా కేంద్రం బాపట్ల, రైలు పట్టాలు మాత్రం తెనాలి మీదుగా గుంటూరుకే పోతాయి, రోగులూ పట్టాల వెంటే పోతారు. ఏ ఆసుపత్రి ఏ ఆసుపత్రికి జతపడాలన్నది జిల్లా సరిహద్దు గీసినవారి కన్నా ఆ రైలెక్కే జనానికే బాగా తెలుసు. పెద్దాసుపత్రికి పొమ్మన్న మాటతో కాల్ ముగిసినప్పుడు, ప్రయాణానికి డబ్బూ తోడూ లేని మనిషి అదే సాయంత్రం ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర, అంటే అర్హత లేకుండానే వైద్యం చేసే మనిషి దగ్గర, ఒక సూదో సెలైనో పెట్టించుకుంటాడు. తెర నింపానన్న ఖాళీని వాస్తవంలో నింపేది ఆయనే.

4. యంత్రం చూపు ఎంత నమ్మదగినది

డాక్టరు లేకపోయినా కృత్రిమ మేధ జబ్బును పట్టేస్తుందన్నది వాదంలో సరికొత్త అంతస్తు. షుగరు వల్ల కంటి తెర దెబ్బతినడాన్ని ఫోటో చూసి గుర్తించే గూగుల్ పద్ధతి 2016లో వెలువడినప్పుడు ఫలితాలు నిజంగా అబ్బురపరిచాయి. దాని శిక్షణకు వాడిన చిత్రాల్లో మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ వంటి మన ఆసుపత్రులవీ ఉన్నాయి. అదే పద్ధతిని థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్కుల్లో నిజంగా వాడి చూసి 2020లో ప్రకటించిన అధ్యయనం వేరే కథ చెప్పింది: మొదటి ఆరు నెలల్లో పెట్టిన 1,838 చిత్రాల్లో 21 శాతాన్ని నాణ్యత చాలదని యంత్రం తిరగ్గొట్టింది, వెలుతురు సరిగా లేని గదుల్లో తీసిన ఫోటోలు దానికి పనికిరాలేదు, నెట్ నెమ్మదించిన రోజుల్లో రోగులు గంటల తరబడి వేచి ఉన్నారు. యంత్రం కాదన్న రోగిని మళ్లీ దూరపు కంటి డాక్టరు దగ్గరకే పంపారు. ప్రయోగశాలలో గెలిచినది పల్లె గదిలో ఓడడానికి కారణం గణితం కాదు, గది.

కోవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటరుకు, అంటే వేలికి తొడిగి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరికరానికి, ఇంకా ఇబ్బందికరమైన లోపం బయటపడింది. ప్రమాదకరంగా పడిపోయిన ఆక్సిజన్‌ను ఆ పరికరం గుర్తించలేకపోవడం తెల్లవారి కన్నా నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఎండలో పని చేసే డెల్టా కూలీ చర్మం మీద ఈ పరికరాలు చెప్పే అంకెను కళ్లు మూసుకుని నమ్మమని చెప్పేముందు దీన్ని తలచుకోవాలి. క్షయ విషయంలో ఛాతీ ఎక్స్‌రేను కంప్యూటరు చేత చదివించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆమోదించిన మాట నిజమే, అది మంచి నిర్ణయమే. ఆ ఆమోదం వడపోత వరకే, తర్వాత కళ్లె పరీక్ష జరగాలి, ఆరు నెలల మందు మింగించే మనిషి ఉండాలి. మంగళగిరి ఎయిమ్స్ 2024 అక్టోబరులో నూతక్కి పీహెచ్‌సీ నుంచి డ్రోన్‌లో రక్తపు నమూనా తెప్పించినప్పుడు పత్రికలు డ్రోన్ బొమ్మ వేశాయి. నూతక్కిలో ఆ రక్తం తీసిన సిబ్బంది బొమ్మ వేయలేదు.

5. తీగ తెగిన రోజు

విపత్తులో తీగ తెగుతుందన్న సంగతి మీద పెద్దగా వాదించవలసిన పని లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చి కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంక గ్రామాలను ముంచెత్తింది. కరెంటు, టవరు, రోడ్డు ఒకేసారి పోయే అలాంటి రోజుల్లోనే పాము కాట్లూ, విరేచనాలూ ముమ్మరమవుతాయి, కాన్పులూ ఆగవు. ఊళ్లో నివసించే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, పీహెచ్‌సీలో రాత్రి ఉండే డాక్టరు ఆ రోజున కూడా పని చేస్తారు, సర్వర్ పని చేయదు.

6. స్విచ్చు ఎవరి చేతిలో

సేవ స్విచ్చు ఒక కంపెనీ చేతిలో ఉంటే ఏమవుతుందన్న పాఠం తెలుగువారికి కొత్త కాదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అత్యవసర సేవ, ఆ తర్వాత వచ్చిన 104 ఆరోగ్య సలహా సేవ సత్యం రామలింగరాజు కుటుంబం స్థాపించిన సంస్థల నుంచి పుట్టాయి. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడగానే ఒక కంపెనీ లెక్కల మోసం రాష్ట్రమంతా అంబులెన్సుల భవిష్యత్తును ప్రశ్నార్థకం చేసింది. బ్రిటన్‌లో ఫోను వైద్యానికి ప్రతీకగా పేరుపడ్డ బాబిలోన్ సంస్థ 2023లో దివాలా తీసింది. రువాండాలో ఆ సంస్థ నడిపిన సేవ కూడా మూతపడింది. ఏరియా ఆసుపత్రి నిర్వహణ బాగుండకపోవచ్చు, కానీ వాటాదారుల సమావేశంలో దాని తలుపు మూయించలేరు.

సమాచార భద్రత సంగతి చెప్పుకోవాలంటే 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లు సైబర్ దాడికి కుప్పకూలి, దాదాపు రెండు వారాలు కాగితం, కలంతో పని నడిచిన ఉదంతం చాలు. దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రే కాపాడుకోలేకపోయిన రికార్డులను విలేజ్ క్లినిక్కు ట్యాబ్ కాపాడుతుందని అనుకోవడానికి గట్టి ఆశావాదం కావాలి. పైగా ఈ దూరవైద్యపు తలుపు అందరికీ తెరిచి లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతమే, మగవారు 48.8 శాతం. ఆ తర్వాత అంకెలు పెరిగి ఉండవచ్చు. అయినా ఇంట్లో ఒకే ఫోను కొడుకు జేబులో ఉండే చోట, గర్భసంచి బాధను కోడలు ఎవరి ఎదుట, ఏ తెరకు చెప్పుకుంటుందో యాప్ రూపకర్తలు ఆలోచించిన దాఖలా లేదు.

7. ‘పల్లెకు డాక్టర్లు రారు కదా’

అన్ని ఆధారాలూ జారినప్పుడు ఈ వాదం చివరికి పట్టుకునే ఊతం ఇది: డాక్టర్లు ఎటూ పల్లెకు రారు, రానివారి కోసం పోస్టులు పెట్టి ఎదురుచూసే కన్నా ఉన్న తెరను వాడుకోవడం మేలు కాదా అని. ఇది కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేయడం. డాక్టర్లు పల్లెకు రాకపోవడం కొండల్లా, నదుల్లా ప్రకృతి పెట్టిన హద్దు కాదు. నియామక విధానం, నివాసం, సహచర సిబ్బంది, పరికరాలు, పై చదువు అవకాశం అనే ఐదారు అంశాల నుంచి పుట్టిన ఫలితం, వాటిలో ప్రతి ఒక్కటీ ప్రభుత్వం చేతిలో ఉన్నదే. ఒంటరిగా ఉన్న సర్జన్ మత్తు డాక్టరు లేకుండా కత్తి పట్టలేడు. స్త్రీవైద్య నిపుణురాలు రక్తనిల్వ లేని చోట సిజేరియన్‌కు పూనుకోదు. అలాంటి ఆసుపత్రిలో చేరి ఆరు నెలల్లో వెళ్లిపోయిన డాక్టరును చూపి పల్లె గిట్టలేదనడం అన్యాయం. జట్టుగా నియమిస్తే నిలిచే మనిషి ఒంటరిగా నియమిస్తే నిలవడు. దూరవైద్యం సరైన చోట పని చేసేది ఇక్కడే: రేపల్లెలో జట్టు ఉన్నప్పుడు, ఆ జట్టు తనకు తెలియనిది అడిగేందుకు గుంటూరు పెద్దాసుపత్రితో, మంగళగిరి ఎయిమ్స్‌తో తీగ ఉంటే, అక్కడి డాక్టరుకు ఒంటరితనం పోతుంది, కాబట్టి నిలుస్తాడు. అంటే తీగ డాక్టరును పల్లెలో నిలబెట్టే సాధనం కావాలి. ప్రచారంలో ఉన్న అభిప్రాయం దాన్ని డాక్టరును పల్లె నుంచి తప్పించే సాకుగా మార్చింది.

పీహెచ్‌సీలో పని చేసిన డాక్టరుకు పీజీ సీట్లలో కొంత వాటా కేటాయించే ఇన్-సర్వీస్ కోటా, యువ వైద్యులను పల్లెలోకి తెచ్చిన పద్ధతుల్లో చాలాకాలంగా అన్నిటికన్నా గట్టిగా పని చేసినది. కొన్నేళ్లు పల్లెలో చేస్తే స్పెషలిస్టు కావచ్చు, అయ్యాక కూడా ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉండాలి అన్న ఈ ఒప్పందమే ఏరియా ఆసుపత్రులకు స్పెషలిస్టులను తయారు చేసి ఇచ్చింది. 2024 జూలైలో ప్రభుత్వ ఉత్తర్వు (జీఓ) 85 ద్వారా క్లినికల్ విభాగాల్లో ఆ కోటాను 30 శాతం నుంచి 15 శాతానికి తగ్గించారు; పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగాక 20 శాతానికి పెంచారు. పల్లెకు డాక్టర్లు రారు కనుక తెర తప్పదనే విధానకర్తలు, వచ్చే దారిని వెడల్పు చేయకపోగా ఇరుకు చేశారన్న మాట. కోటా పాత స్థాయికి చేరేంత వరకు, ఏరియా ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు, సర్జన్, స్త్రీవైద్య నిపుణురాలు, పిల్లల డాక్టరు పోస్టులు ఒక జట్టుగా భర్తీ అయ్యేంత వరకు, దూరవైద్యానికి అదనపు నిధులు అడిగే ప్రతి ప్రతిపాదన పక్కన ఆ ఖాళీల జాబితాను శాసనసభ ముందు ఉంచాలి.